పాత కలముల కాలనిర్ణయము

కావ్యముల కాలమును నిర్ణయించుటకు మన పండితులు పడిన శ్రమ పాఠకులకు తెలియనిది కాదు. కవి తన కాలమును స్వయముగా చెప్పుకొనని చోట కృతిభర్త పేరును, అవతారికలోని వంశక్రమమును, శాసనములను, లక్షణగ్రంథములలో ఉదాహరింపబడిన పద్యములను సాక్ష్యములుగా గ్రహించి, ఇంతకు పూర్వము కాజాలదు, ఇంతకు తరువాతిది కాజాలదు అని రెండు హద్దులు గీచి, నడుమ నున్న కాలమును క్రమముగా కుదించుకొని వచ్చుట వారి పద్ధతి. ఈ పద్ధతి తాళపత్రములకే పరిమితమైనది కాదు. మేజా సొరుగులో పడియున్న పాత ఫౌంటెను పెన్నునకును ఇది చక్కగా చెల్లును. కలము కాలమును తప్పుగా నిర్ణయించినచో దానితో వ్రాయబడినదను వ్రాత కాలము కూడ తప్పిపోవును. అట్టి సందర్భమొకటి నాకు తటస్థించినది.

రాయపూరు నగరమున పండరీ అను పేట బట్టల బజారునకు పేరుపడినది. ఆ నగరమునకును మన కళింగాంధ్రమునకును గల సంబంధము నిన్నటిది కాదు. విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయపూరు చేరు రైలుమార్గము 1931లో పూర్తియైనది. రైల్వే కొలువులను బట్టియు వ్యాపారమును బట్టియు అటు పోయి స్థిరపడిన తెలుగు కుటుంబములు నేటికిని అచ్చట కలవు. పండరీలో నివసించు అట్టి కుటుంబమునకు చెందిన ఒక విశ్రాంతోపాధ్యాయులు తమ తాతగారి కలమును, ఆయన పద్యములు వ్రాసికొనిన నోటుపుస్తకమును నాకు చూపిరి. పుస్తకమున ఎచ్చటను తేదీ లేదు. తాతగారు రాజమహేంద్రవరమున 1935లో ఈ కలమును కొనిరని ఇంటిలో చెప్పుకొనుచుందురు. కావున పద్యములును ఆ నాటివే యని వారి విశ్వాసము. ఉగాదినాడు తెలుగువారి గ్రంథాలయమున ఈ రెంటిని ప్రదర్శింపదలచి, “చీటీ మీద 1935 అని వెయ్యమంటారా బాబూ?” అని ఆయన నన్నడిగిరి.

కలమును చూచితిని. ఒకప్పుడు నల్లనిదై నేడు గోధుమవన్నెకు తిరిగిన గొట్టము. ప్రక్కన మీట లేదు. మెడ భాగమును మరలు త్రిప్పి విప్పి, ఇంకు ఫిల్లరుతో గొట్టములోనికే సిరా పోయవలయును. గొట్టముపై అచ్చొత్తిన అక్షరములు అరిగిపోగా, రాజమండ్రి యను ఆంగ్లపదపు తుది అక్షరములు కొన్ని మాత్రమే మిగిలియున్నవి. మూతపై తాతగారి పేరును, దాని క్రింద “రాయపూరు, ఎం.పి.” అనియు ఆంగ్లమున చెక్కబడియున్నది. పాళీ ఉక్కుది. దానిపై చిన్న అక్షరములతో “డబ్ల్యు. జర్మనీ” అని యుండెను. ఈ సాక్ష్యములను పరీక్షించుటకు ముందు ఫౌంటెను పెన్నుల చరిత్రను కొంత తెలిసికొనుట అవసరము.

అమెరికాలో లూయీ ఎడ్సన్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందిన కలము ఈ చరిత్రలో ఒక మైలురాయి. పాళీ క్రింద నుండు ఫీడులో సన్నని గాడులు చేసి, సిరా దిగుచుండగా దానికి బదులుగా గాలి లోనికి ప్రవేశించునట్లు ఆతడు కుదిర్చెను. ఆ కాలపు కలములు చాలవఱకు ఎబోనైటుతో చేయబడి, ఫిల్లరుతో సిరా పోయవలసినవై యుండెను. 1908లో వాల్టరు షేఫరు మీట కలమునకు పేటెంటు పొందెను. మీట నెత్తినచో లోపలి రబ్బరు సంచి నొక్కబడి, విడిచినప్పుడు సిరాను పీల్చుకొనును. 1924లో షేఫరు సంస్థ సెల్యులాయిడు కలములను ప్రవేశపెట్టగా రంగురంగుల కలములకు ఆదరము పెరిగెను. పార్కరు సంస్థ 1933లో వాక్యుమాటికు అను కలమును, 1941లో పాళీ దాదాపు పూర్తిగా కప్పబడియుండు ‘51’ అను కలమును విడుదల చేసెను. 1948లో ఆ ‘51’ కలమునకే క్రొత్త సిరా పీల్చు అమరికను కూర్చెను. 1952లో షేఫరు స్నార్కెలు వచ్చెను. ఈలోగా 1945 అక్టోబరులో న్యూయార్కు నగరమున బాల్‌పెన్నుల అమ్మకము ఆరంభమై, ఫౌంటెను పెన్నుల యుగమునకు క్రమముగా తెర దించెను.

ఈ వరుసను చదివినవారు పండరీలోని కలమును చూచినచో, ఎబోనైటు గొట్టము, ఫిల్లరుతో సిరా పోయు పద్ధతి అను రెండు లక్షణములను బట్టి అది మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వపుదని తలంతురు. అమెరికా కలమైనచో ఆ తలంపు ఇంచుమించుగా సరియే. మన కలము విషయమున అది పెద్ద పొరపాటు. ఏలయన పాశ్చాత్యులు విడిచిన ఆ పద్ధతిని రాజమహేంద్రవరపు పనివారు విడువలేదు. ఎబోనైటు కడ్డీని కోసి, తొలిచి, తరిమెన పట్టి, మెరుగు పెట్టి, ఒక్కొక్క కలమును చేతితో తయారుచేయు పని అచ్చట నేటికిని సాగుచున్నది. అందులో సంచి లేదు, మీట లేదు, చెడిపోవు యంత్రభాగము లేదు. పెద్ద కర్మాగారము అక్కరలేదు. సిరా ఎక్కువగా పట్టును. చిన్న కార్ఖానాకును, తఱచు బాగుచేయించుకొను అవకాశము లేని కొనుగోలుదారునకును ఇది అనుకూలమైన పద్ధతి. కావున ఒక దేశమున ప్రాచీనతకు గుర్తైన లక్షణము మఱియొక దేశమున ప్రాచీనతకు గుర్తు కానక్కరలేదు. కలము ఎచ్చటిదో తేల్చుకొనక ముందు అది ఎప్పటిదని అడుగరాదు.

రాజమహేంద్రవరపు కలములలో మొదట చెప్పదగినవి రత్నం పెన్నులు. కోసూరి వెంకటరత్నంగారు 1932లో ఈ పనిని నెలకొల్పిరి. సామాన్యునకు ఉపయోగపడు స్వదేశీ వస్తువు నొకదానిని చేయుమని గాంధీజీ చెప్పిన మాట దీనికి ప్రేరణమని ప్రసిద్ధి. రత్నంగారి కలము అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘమునకు చెందిన కుమారప్పగారి ద్వారా గాంధీజీకి చేరెను. దానిని ఉపయోగించి చూచితిననియు, బజారులలో కనబడు విదేశీ కలములకు బదులు వాడదగినదిగా తోచుచున్నదనియు గాంధీజీ 1935 జూలై 16న వార్ధా నుండి రత్నంగారికి జాబు వ్రాసిరి. 1946లో అదే నగరమున గైడరు పెన్నుల సంస్థ వెలసెను.

గాంధీజీ జాబులోనే కాలనిర్ణయమునకు ఒక మంచి పాఠము కలదు. ఆ జాబుపై తేదీ చినిగిపోయినదనుకొందము. అయినను అందు గ్రామపరిశ్రమల సంఘము పేర్కొనబడినది. ఆ సంఘము 1934 డిసెంబరులో ఏర్పడినది. కావున జాబు అంతకు పూర్వపుది కాజాలదని నిస్సంశయముగా చెప్పవచ్చును. వ్రాతలోనైనను వస్తువులోనైనను కనబడు గుర్తులలో అన్నిటికంటె క్రొత్తది ఏదో, అదియే మొదటి హద్దును నిర్ణయించును. పాత గుర్తులు నూరున్నను క్రొత్త గుర్తు ఒక్కటి వానిని మించును.

ఈ సూత్రమును మరచుటవలన కలుగు పొరపాట్లలో తఱచైనది పేటెంటు తేదీని తయారైన తేదీగా గ్రహించుట. వాటర్‌మన్ కలములపై 1884 నాటి పేటెంటు తేదీలు చాల సంవత్సరముల తరువాత కూడ అచ్చొత్తబడుచుండెను. ఆ తేదీ, “ఇంతకు పూర్వము కాదు” అని మాత్రమే చెప్పును. ఆ సంస్థయే 1917లో తన కలములకు సంఖ్యలు పెట్టు పద్ధతిని సవరించెను. ‘52’ అని యున్నచో అందలి 5 మీటను, 2 పాళీ పరిమాణమును తెలుపును. ‘12’ అని యున్నచో 1 ఫిల్లరు కలమని తెలుపును. అది మాదిరి సంఖ్యయేగాని 1912వ సంవత్సరమునకు గుర్తు కాదు.

సంవత్సరమును నిజముగా తెలుపు గుర్తులును లేకపోలేదు. అమెరికాలో తయారైన పార్కరు కలములపై, 1930ల నడుమ నుండి 1950ల వఱకు, సంవత్సరపు చివరి అంకె కనబడును. కొంతకాలము దాని ప్రక్కన చుక్కలుండెను. మూడు చుక్కలు మొదటి త్రైమాసమును, రెండు రెండవదానిని, ఒకటి మూడవదానిని, చుక్క లేకపోవుట నాలుగవదానిని తెలుపును. అంకె 8 అయినచో 1938 కావచ్చును, 1948 కావచ్చును. ఆ కలము ‘51’ అయినచో, ఆ మాదిరి 1941లో వచ్చినది గనుక, 1948 అని తేలును. గుర్తొక్కటి చాలదు, మాదిరి చరిత్రయు తోడు రావలయును. 1980 ప్రాంతము నుండి అదే సంస్థ ఆంగ్లమున ‘క్వాలిటీ పెన్’ అను మాటలోని పది అక్షరములను వరుసగా 0 మొదలు 9 వఱకు అంకెలకు మారుగా వాడెను. ఇంగ్లండులో తయారైన వెండి, బంగారు కలములపై ముద్రలలో నుండు అక్షరము సంవత్సరమును తెలుపును. పాళీ కప్పబడియుండుట మాత్రము ‘51’ కలమునకు గుర్తు కాదు. దాని రూపమును పలు దేశములవారు అనుకరించిరి. చైనా దేశపు హీరో కలము మన విద్యార్థులకు సుపరిచితమే.

మన దేశపు కలములపై ఇట్టి సంకేతములు అరుదు. ఐనను వాని పెట్టెలు, రసీదులు, చెక్కిన పేర్లు నోరు విప్పి మాటలాడును. అణాలలో ధర వ్రాసియున్న పెట్టె సాధారణముగా 1957 ఏప్రిలు 1వ తేదీకి పూర్వపుది. ‘నయాపైసలు’ అని యున్నచో నాటి నుండి 1964 జూన్ 1 వఱకు గల కాలమునకు చెందినదని ఊహింపవచ్చును. జనుల వాడుక చట్టముతోపాటు ఒక్కనాటిలో మారదు గనుక ఇట్టి హద్దులను కొంత సడలించి చూడవలయును. చిరునామాలో ‘ఆంధ్ర రాష్ట్రము’ అని యున్నచో 1953 అక్టోబరు 1 తరువాతిది. ‘ఆంధ్రప్రదేశ్’ అని యున్నచో 1956 నవంబరు 1 తరువాతిది. ఆరంకెల పిన్‌కోడు 1972 ఆగస్టు 15కు పూర్వము లేదు. రాజమండ్రి యను ఆంగ్లరూపము 2015లో రాజమహేంద్రవరముగా అధికారికముగా మార్పబడినది. తెలుగున వ్రాసిన చీటీపై రాజమహేంద్రవరమని యున్నంతమాత్రమున అది 2015 తరువాతిదని చెప్పరాదు; శిష్టులు తెలుగున ఆ పేరును ఎప్పుడును వాడుచునే యుండిరి.

ఇక పదార్థపరీక్ష. ఎబోనైటు రబ్బరును గంధకముతో చాలసేపు ఉడికించుటవలన గట్టిపడిన పదార్థము. బొటనవ్రేలితో గట్టిగా రుద్ది ముక్కునకు చేర్చినచో గంధకపు వాసన వచ్చును. సెల్యులాయిడునకు కర్పూరపు వాసన కలదు. నిప్పుతో పరీక్షింపబూనుట ప్రమాదకరము. సెల్యులాయిడు క్షణములో భగ్గున మండును. ఎబోనైటు నలుపు వెలుతురు, గాలి, తేమల వలన గోధుమవన్నెకు తిరుగును. వేడినీటిలో ముంచినను రంగు పోవును. ఈ వన్నెను వయస్సునకు కొలతగా గ్రహింపరాదు. కిటికీ ప్రక్కన పడియున్న కలము కొలది యేండ్లలోనే వన్నె మారును. పెట్టెలో దాగినది తరములు గడచినను నల్లగానే యుండును. అరిగిన అక్షరములను చదువుటకు దీపమును కలమునకు ప్రక్కగా, దాదాపు సమతలమున నుంచి భూతద్దముతో చూడవలయును. అంచుల నీడలలో అక్షరములు లేచి కనబడును. మెరుగు పెట్టు పొడితో రుద్దినచో కలము మెరయునుగాని మిగిలిన అక్షరములు పోవును. సాక్షి నాలుక కోసి ముఖము కడిగినట్లగును.

ఇన్ని జాగ్రత్తలు తీసికొనినను ఒక చిక్కు మిగులును. కలము ఒకే వస్తువుగా కనబడునుగాని నిజమునకు నాలుగైదు వస్తువుల కూటమి. గొట్టము, మూత, క్లిప్పు, ఫీడు, పాళీ అను వానిలో ప్రతిదానికిని వేఱువేఱు వయస్సుండవచ్చును. పాళీ అరిగిన, వంకరపోయిన మార్చుదురు. క్లిప్పు విరిగిన దొరికినదానిని తొడుగుదురు. బజారులో పేరు చెక్కించుకొనుట కొన్ననాడే కావచ్చును, ఇరువదియేండ్ల తరువాతను కావచ్చును. ఒక గ్రంథములో ప్రక్షిప్తములుండుట వంటిది ఇది. ప్రక్షిప్తమును చూచి మూలము క్రొత్తదనరాదు. మూలమును చూచి ప్రక్షిప్తము పాతదనియు అనరాదు.

ఇప్పుడు పండరీలోని కలమునకు వత్తము. పాళీపై పశ్చిమ జర్మనీ పేరు కలదు. ఆ రాజ్యము 1949లో ఏర్పడి 1990 అక్టోబరు 3న జర్మనీ ఏకీకరణముతో ముగిసెను. కావున ఆ పాళీ 1949కి పూర్వపుది కాదు. మూతపై ‘ఎం.పి.’ అనగా మధ్యప్రదేశ్. రాయపూరు 1950 జనవరి 26కు పూర్వము సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బెరారులో నుండెను. చెక్కినవాడు నాడైనచో ‘సి.పి.’ అని చెక్కెడివాడు. 2000 నవంబరు 1న ఛత్తీసుగఢ రాష్ట్రమేర్పడెను. తాతగారు 1968లో గతించిరి. తమ పేరును తామే చెక్కించుకొనిరని ఇంటివారు చెప్పిరి. కావున ఆ చెక్కడము 1950, 1968ల నడుమ జరిగినది. చెక్కిన గాడిలోని నలుపు పైవన్నెకంటె తాజాగా కనబడుచున్నది. గాడిలోనికి వెలుతురు తక్కువగా పోవును గనుక దానిని సాక్ష్యముగా నేను గ్రహింపలేదు. ఇక గొట్టము. అది రాజమహేంద్రవరపుది. 1935 నాటిది కావచ్చును, 1955 నాటిది కావచ్చును. రూపమును బట్టి తేల్చుటకు వీలులేదు, ఏలయన ఆ రూపము మారలేదు.

తరువాత పద్యముల పుస్తకమును తెరచితిమి. అట్టలోపల పెన్సిలుతో వ్రాసిన ధర అణాలలో నున్నది. పుస్తకము నడుమ ఆంధ్ర రాష్ట్రావతరణమును గూర్చిన సీసమొకటి కనబడినది. ఆ పద్యము 1953 తరువాతిదనుట స్పష్టము. దాని తరువాతి పుటలలోనివి అంతకు తరువాతివై యుండుట సంభావ్యము. ముందరి పుటలలోనివి ఎంత పూర్వపువో ఆ పద్యములే చెప్పవలయును. చీటీపై 1935 అని వేసియున్నచో, నలుబదియేండ్లు దాటిన వయస్సున తాతగారు వ్రాసిన సీసము ఆయన యౌవనమున వ్రాసినదిగా నిలిచిపోయెడిది. పదునెనిమిదేండ్ల పొరపాటు ఒక్క చీటీతో స్థిరపడెడిది. తరువాత వచ్చు విద్యార్థి ఆ చీటీని నమ్మి, రాష్ట్రావతరణమునకు పదునెనిమిదేండ్లు ముందుగనే దానిని వర్ణించిన కవి యని ఆశ్చర్యపడెడివాడు; లేదా ఆ పద్యమే వేరొకరు చేర్చినదని త్రోసివేసెడివాడు.

ఆ విశ్రాంతోపాధ్యాయులు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “అయితే మా తాతగారు చెప్పింది అబద్ధమంటారా?” అని అడిగిరి. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట నా విధి. తాతగారు 1935లో రాజమహేంద్రవరమున కలము కొనిరనుటకు విరుద్ధమైన సాక్ష్యమేదియు ఈ కలములో లేదు. కొన్న కలమును వారు పెట్టెలో దాచలేదు, వాడిరి. పాళీ అరుగువఱకు వ్రాసి, అరిగిన పిదప మార్పించి, మఱల వ్రాసిరి. వాడని కలమునకు ఒక్క తేదీ చాలును. వాడిన కలము పెక్కు తేదీలను ధరించును. ఆయన మాటను కాదనుటకు గాని, దానిని పద్యములకు ప్రమాణముగా గొనుటకు గాని కలము ఒప్పుకొనదు. నేను చెప్పగలిగినది ఇంతే.

ఆయన సమ్మతించిరి. గ్రంథాలయమున ఉంచిన చీటీ నేడు ఇట్లున్నది: “రాజమహేంద్రవరపు ఎబోనైటు కలము. 1935లో కొన్నదని కుటుంబమున ప్రతీతి. పాళీ 1949 తరువాతిది. పేరు 1950, 1968ల నడుమ చెక్కబడినది.” పద్యముల పుస్తకమునకు వేఱొక చీటీ వ్రాయబడినది. అందు సీసపద్యము ప్రస్తావన కలదు, కలము ప్రస్తావన లేదు.

పాత కలములు గల గృహస్థులకు నా విన్నపమొకటి. కలమును తళతళ మెరయ జేయవలదు. పాత పాళీని మార్పింపవలసివచ్చినచో దానిని పారవేయక కాగితమున చుట్టి ఉంచుడు. రసీదును, పెట్టెను, ధరచీటీని కలముతోపాటే దాచుడు. ఎవరు కొనిరి, ఎచ్చట కొనిరి, ఎప్పుడు పాళీ మార్పించిరి అను విషయములు తెలిసిన పెద్దలు ఇంటనున్నచో నేడే వారినడిగి, విన్నది విన్నట్లుగా వ్రాసి, చెప్పినవారి పేరును, వ్రాసిన తేదీని క్రింద వేసి పెట్టుడు. పండరీలోని తాతగారు తమ పుస్తకమున ఒక్క తేదీ వేసియున్నచో ఈ విచారణమంతయు అవసరమై యుండెడిది కాదు.